ఇంటి పొడ

"నర్సమ్మా, రవ్వంత ఆయింట్‌మెంటు ఇచ్చీ. బేగి ఎల్లిపోవాల, పొలంలో మనుషులున్నారు" అంటూ యమున మా క్లినిక్ గుమ్మంలో నిలబడింది. ఆషాఢం ఎండ చిటచిటలాడుతోంది. చీరకొంగు నుదుటి మీదకి లాక్కుని ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. యమున కొంగు ఎప్పుడూ నడుముకి బిగించి ఉంటుంది గానీ నెత్తి మీదకి రాదు.

"కొంగు తియ్యే" అన్నాను.

తీసింది. కుడి కనుబొమ్మకి పైన శనగగింజంత పుండు. అంచులు గట్టిపడి పైకి లేచాయి. మధ్యలో పెచ్చు కట్టి, ఆ పెచ్చు పగిలి, నెత్తురు ఉబికి ఆరిపోయి ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"మొన్న కంపముల్లు గీసుకున్నాది."

"మొన్నంటే ఎప్పుడు?"

"ఉగాదికి ముందు."

మూడు నెలలు దాటిన పుండుని మొన్నటిదని చెప్పడం మా ఊరి ఆడవాళ్లకే చేతనవును. మొగుడికి తుమ్ము వస్తే మందుబిళ్లకి పరిగెత్తుకొస్తారు, తమ ఒంటి మీద పుండుకి మాత్రం కొంగు కప్పుతారు. నాకు ఒళ్లు మండింది. తిట్టబోయి, ఆ పుండు వైపు ఇంకోసారి చూసి ఆగిపోయాను. అలాంటి పుండుని అదే చోట నేను ఇదివరకు చూశాను.

నా పేరు పద్మకుమారి. రాజాంకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. యమునకి ఇప్పుడు ముప్ఫైమూడేళ్లు. పుట్టిందీ మెట్టిందీ ఇక్కడే. మేనత్త కొడుకు గిరిబాబుని చేసుకుంది కాబట్టి వీధి మారింది గానీ ఊరు మారలేదు. కొంచెం వరి పొలం, మెట్ట మీద నువ్వులూ గోగూ ఉన్నాయి. కానీ ఆమెకి పేరు వచ్చింది ఊడుపుల వల్ల. పన్నెండుమంది ఆడవాళ్ల జట్టుకి ఆమే మేస్త్రి. తాడు కట్టకుండా వరస తిన్నగా నాటుతుంది. పక్కనున్న మనిషి వెనకబడితే ముందు మాట విసురుతుంది, తర్వాత బురద విసురుతుంది. ఆ నోటికి జడిసి రైతులు కూడా మడిగట్టు మీద నిలబడి సలహాలు చెప్పరు.

ఆరో ఏట నుంచీ యమున నుదుటి మీదా, మెడ మీదా, ముంజేతుల మీదా పొడలున్నాయి. కొన్ని తెల్లగా, పల్చగా, శోభిలా ఉంటాయి. కొన్ని గోధుమరంగులో, పులిపిరిని వేలితో అణిచేసినట్టు బల్లపరుపుగా ఉంటాయి. నేను వాటిని శోభి అనే అనుకున్నాను. ఏళ్ల తరబడి శోభి మందు ట్యూబులు ఇస్తూ వచ్చాను. ఒక్క పొడా తగ్గలేదు. తగ్గకపోతే మందు తప్పేమో, రోగం వేరేమో అని అనుకోవాలి కదా! నేను మాత్రం ఆమె సరిగ్గా రాసుకోవడం లేదని తిట్టి, ఇంకో ట్యూబు చేతిలో పెట్టేదాన్ని.

ఆ పొడలే ఆమె అన్న అప్పలసూరికీ ఉండేవి. పన్నెండేళ్ల కిందట ఒకరోజు కుడితి పెడుతుంటే ఎద్దు తల విసిరింది, కొమ్ము కొస అతని కణత మీద గీసుకుంది. గీత మానలేదు, పుండయింది. ఎనిమిది నెలలు నేనే కట్టు కట్టాను. సెప్టిక్ అన్నాను, షుగర్ ఉందేమో అని చూశాను. ఇంట్లోవాళ్లు ఎద్దు కొమ్ములో విషం ఉందన్నారు. చివరికి పట్నంలో కోసేసరికి లోపల ఎముక దాకా తినేసింది. కోసిన నెలకి అతను పోయాడు. ముప్ఫై ఆరేళ్లు. ఆ ఎద్దుని సంతకి తోలేసి, ఇంట్లో మళ్లీ ఎద్దుని కట్టలేదు. పాపం, దాని కొమ్ముకేం తెలుసు.

"విశాఖపట్నం పోదాం పద. చర్మం డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"ఊడుపులు కానీ నర్సమ్మా. ఎనిమిదెకరాలు ఒప్పుకున్నాను. నేను నేకపోతే ఈలు తలో దిక్కూ పోతారు."

"నీ ఊడుపులు అయ్యేదాకా పుండు ఆగుతాదేటే?"

యమున నా వైపు సూటిగా చూసింది. "అన్నని కోసినాకే గదా పోనాడు. కోయకపోతే ఇంకో ఏడాది బతికుండీవోడు. నాకూ అదేనని నాకు తెల్దనుకున్నావేటి?" అంది. ఆయింట్‌మెంటు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

రెండు వారాలు చూశాను. కబురంపితే రాలేదు. గిరిబాబుని పిలిచి అడిగితే, "నా మాట ఇంతాదేటండి అది?" అని తల గోక్కున్నాడు. మంచివాడు, భార్య మీద ప్రాణం పెట్టుకున్నవాడు. కానీ ఆమె ఒకసారి కళ్లెర్రజేస్తే పెరట్లోకి పోయి పలుపుతాళ్లు పేనుకుంటాడు. ఇలాంటి మంచితనం ఆడదాని ప్రాణం మీదకి తెస్తుంది.

నేనే పొలానికి వెళ్లాను. మడిలో పన్నెండుమందీ వంగి నాటుతున్నారు. వంగిన మనిషికి వీపు మీద ఒక ఎండ, మడిలో నీళ్ల మీద నుంచి మొహానికి ఇంకో ఎండ. పన్నెండో ఏట నుంచీ యమున మొహం ఆ నీళ్ల మీదే ఉంది. నన్ను చూసి నడుం ఎత్తింది. పుండు ఇప్పుడు రేగుపండంత అయింది. రెప్ప కూడా కొద్దిగా వాచింది. నేను గట్టు మీద నుంచే అరిచాను, ఆమె మడిలో నుంచి అరిచింది. ఆడవాళ్లంతా నాట్లు ఆపి మా ఇద్దరినీ చూశారు. నేను ఓడిపోయి వాళ్ల ఇంటి దారి పట్టాను. అత్తగారితో చెప్పిస్తే వింటుందేమోనని చిన్న ఆశ.

అత్తగారు తాతమ్మ. యమునకి సొంత మేనత్త కూడా. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నా మాట పూర్తిగా విని, చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"అది మా ఇంటి పొడ, నర్సమ్మా. మా సిన్నాన్నకి ఉన్నాది, అప్పలసూరికి ఉన్నాది, దీనికీ ఉన్నాది. మందులకి పోయీది కాదు. బైటోలికి ఆడగుంటనిస్తే పొడ సూసి ఏటేటో అంటారు, తిరిగి అంపేస్తారు. అందుకే మాలో మాకే సేసుకుంటన్నాం. యమున అయ్య సోములు నా తమ్ముడే, సొంత అక్క కూతుర్నే సేసుకున్నాడు. యమునని నేనే నా కొడుక్కి సేసుకున్నాను. రేపు మా శ్రావణిని నా కూతురి కొడుకు నవీన్‌కే ఇచ్చేస్తాం. మనింటి గుట్టు మనింట్లోనే ఉంటాది."

ఆ రోజు ఆ మాట నాకు తెలివైన మాటగానే తోచింది. పిల్లని బయటివాళ్ల నోట పడనివ్వకుండా కాపాడుకుంటున్నారని కొంచెం మెచ్చుకున్నాను కూడా.

అప్పుడే శ్రావణి బడి నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. ముందు జుట్టు కనుబొమ్మల దాకా కత్తిరించి ఉంది. సంచి కింద పడేసి, కుండ దగ్గర గ్లాసెడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు మొహాన కొట్టుకుని, తడి చేత్తో జుట్టు వెనక్కి దువ్వుకుంది. నుదుటి మీద పౌడరు నీళ్లతో పాటు జారిపోయింది. దాని కింద ఆరో ఏడో పొడలు. తెల్లగా, పల్చగా, అవే.

"తాతమ్మా, ఇవెప్పటి నుంచి?" అన్నాను.

జవాబు వెనక నుంచి వచ్చింది. యమున నన్ను వెంబడించి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురదతో వాకిట్లో నిలబడి ఉంది. "నిరుడు దసరా నుంచి" అంది. ఒక్క అంగలో వచ్చి పిల్ల జుట్టుని మళ్లీ కిందికి దించేసింది. చేతి బురద పిల్ల నుదుటికి అంటింది.

నేను ఆమెని పెరట్లోకి లాక్కుపోయాను. "నీ సంగతి నీ ఇష్టం. నువ్వు సచ్చిపోతానంటే సావు. దాని నుదుటి మీదదీ నీ నుదుటి మీదదీ ఒకటో కాదో తెలియాలంటే నీ పుండులో ముక్క తీసి సూడాల. నువ్వు రాకపోతే ఆ గుంట సంగతి ఎవలూ సెప్పలేరు" అన్నాను.

అది నిజమో కాదో నాకు తెలియదు. అబద్ధమైతే ఆ పాపం నాది అనుకున్నాను.

యమున కాళ్ల బురద కడుక్కుంది. తర్వాత, "రేపు పొద్దున ఏ బండికి?" అంది.

రాజాంలో బస్సెక్కి చీపురుపల్లిలో దిగి, అక్కడ రైలెక్కాం. యమున, గిరిబాబు, శ్రావణి, నేను. చర్మవ్యాధుల డాక్టరు పేరు లక్ష్మీకామేశ్వరి. యాభై ఏళ్లుంటాయి. ఆవిడ ముందు పుండు చూడలేదు. చేతులు చూసింది, మెడ చూసింది, పొడల మీద అద్దం పెట్టి ఒక్కొక్కటే చూసింది. ఆ తర్వాత శ్రావణిని దగ్గరికి పిలిచి అలాగే చూసింది.

"మీ అమ్మా నాన్నా చుట్టాలా?" అని యమునని అడిగింది.

"సుట్టాలేటమ్మా, మా అమ్మకి మా నాన్న సొంత మేనమావ."

"మీ ఆయన?"

"మా బావే. మేనత్త కొడుకు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఇది శోభి కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అని ఒకటుంది. ఆ వైరస్ వల్ల వచ్చిన పొడలు" అంది.

ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, తెలిసిన పేరు కదా అని. "అది గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది కదండీ? ఆడపిల్లలకి టీకా ఉంది కదా?" అన్నాను.

"ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. ఆ వైరస్‌లో రెండు వందల పైచిలుకు రకాలున్నాయి. పేర్లు చాలక నంబర్లు పెట్టారు. టీకా ముఖ్యంగా ఆపేవి పదహారు, పద్దెనిమిది. చేతుల మీదా అరికాళ్ల మీదా పులిపిర్లు తెచ్చేవి ఒకటి, రెండు, నాలుగు. పిల్లల మొహం మీద బల్లపరుపుగా లేచేవి మూడు, పది. ఈవిడ ఒంటి మీదవి బహుశా ఐదో, ఎనిమిదో. వాటికి ఆ టీకా పనిచేయదు" అంది. యమున వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఆ ఐదూ ఎనిమిదీ నా చర్మం మీదా ఉండొచ్చు, ఈ సిస్టర్ చర్మం మీదా ఉండొచ్చు. మా ఒళ్లు వాటిని లేవనివ్వదు. నీ ఒంటికి పుట్టుకతోనే ఆ పట్టు లేదమ్మా. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఒక్క వైపు నుంచే వస్తే మనిషికి ఏమీ కాదు. బయటి సంబంధం చేసుకుంటే అవతలి మనిషిలో ఆ లోపం ఉండటం చాలా అరుదు. ఒకే ఇంట్లో చేసుకుంటూ పోతే రెండు వైపులా కలుస్తుంది."

నాకు తాతమ్మ అరుగు కళ్లముందు కనిపించింది. పొడ బయటపడకూడదని వాళ్లు ఇంట్లో ఇంట్లో పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆ పెళ్లిళ్లే పొడని పిల్లల ఒంటి మీదకి తెచ్చాయి. గిరిబాబు గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు.

పుండులో ముక్క తీశారు. శ్రావణి ముంజేతి మీద పొడలోనూ చిన్న ముక్క తీశారు. పిల్ల ఏడ్చింది, యమున ఏడవలేదు. ఎముక సంగతి తెలియడానికి స్కాన్ కూడా తీయించారు. ఫలితానికి పదిరోజులన్నారు. పిల్ల ముక్కనీ, పోల్చి చూడటానికి యమున ముక్కలో కొంతనీ వైరస్ నంబరు తేల్చే ల్యాబుకి కూడా పంపాలి కాబట్టి పిల్లది ఇంకా ఆలస్యమవుతుందన్నారు.

ఆ పదిరోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. యమున మళ్లీ ఊడుపులకి పోయింది, వద్దంటే వినలేదు. రోజూ పొలానికి పోతూ క్లినిక్ ముందు ఆగేది. "ఫోనొచ్చినాదా?" అనేది. రాలేదంటే వెళ్లిపోయేది. ఒకరోజు వెళ్లబోతూ ఆగింది.

"నర్సమ్మా, నా ముక్క ఇచ్చినాను గదా. నాకొస్తే రానీ. నాకొచ్చినాక గుంటకి రాదు గదా? ఒకింట్లో ఇద్దరికి ఇవ్వడు గదా ఆ బగమంతుడు?"

అప్పుడు తెలిసింది, ఆమె ముక్క ఇచ్చింది పరీక్షకి కాదు, బదులుగా. పిల్లని వదిలేయమని తన ఒళ్లు ఇచ్చింది. అప్పలసూరికి వచ్చాక తనకీ వచ్చింది కదా అని నేను గుర్తుచేయలేదు.

పదకొండో రోజున డాక్టరు గదిలో నిలబడ్డాం. "చర్మ క్యాన్సర్" అంది ఆవిడ. గిరిబాబు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. డాక్టరు స్కాన్ ఫిల్ము వెలుగులో పెట్టి, "ఎముక దాకా పోలేదు. వెంటనే తీసేయాలి. ఎల్లుండి" అంది. యమున తల ఊపింది. ఎక్కడ కోస్తారనీ అడగలేదు, బతుకుతానా అనీ అడగలేదు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. కనుబొమ్మ పైభాగం, చుట్టూ మంచి చర్మం కూడా కలిపి తీసేసి, తొడ మీద చర్మం తెచ్చి అతికారు. గిరిబాబు బయట వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. "నేను సెప్పాల్సింది, నా మాట ఇనకపోయినా జుట్టట్టుకుని తేవాల్సింది" అని ఎవరూ అడగకుండానే అంటున్నాడు. ఆ మాట నాలుగైదు నెలలు ఆలస్యమైందని అనబోయాను. అతని మొహం చూసి ఊరుకున్నాను.

రెండు వారాలకి కుట్లు చూపించడానికి మళ్లీ వెళ్లాం. శ్రావణి కూడా వచ్చింది. డాక్టరు అంచులు పరీక్షించిన రిపోర్టు తీసి, "పుండు మొత్తం తీసేశాం. అంచుల్లో ఏమీ మిగల్లేదు" అని నవ్వింది. యమున ఆ మాట విననట్టే ఉంది.

"గుంటది సెప్పమ్మా" అంది.

డాక్టరు నవ్వు ఆపింది. "అదేనమ్మా. ఐదో నంబరు. నీకున్నదే."

యమున పిల్ల భుజం పట్టుకుని ఉంది. ఆ పట్టు బిగిసింది, పిల్ల "అమ్మా" అని మెలికలు తిరిగింది. "మరి నేనెందుకు కోయించుకున్నాను? దానికి ఇదే వస్తాదా? ఇలాగే కోస్తారా?" అంది.

"రాకుండా చూడొచ్చు" అంది డాక్టరు. కుర్చీ ముందుకి జరుపుకుని, యమున చేతిని పిల్ల భుజం మీద నుంచి తీసి తన చేతిలోకి తీసుకుంది. "పొడ పుండుగా మారడానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది. అలా మార్చేది ముఖ్యంగా ఎండ. దీన్ని ఎండకి దాచు. నిండు చేతుల చొక్కా, టోపీ, గొడుగు, నేనిచ్చే క్రీము. ఆర్నెల్లకోసారి నాకు చూపించు. తేడాగా ఏది లేచినా చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తాను. ఇది ఎవరికీ అంటుకోదు, బడి మాన్పించొద్దు. నువ్వు రాకపోతే దీన్ని ముప్ఫై ఏళ్లు ముందుగా ఎవరు పట్టుకునేవారు? నీకూ ఇవే జాగ్రత్తలు. నువ్వింక మడిలో దిగకూడదు."

యమున పిల్ల జుట్టు పైకెత్తి నుదుటి మీద పొడల్ని చూసింది. "ఎండేనా?" అంది. "ఎండకి దాసుకుంటే సాలా? మరి మా అన్నకి ఎవలూ సెప్పనేదేటి?"

అడిగింది డాక్టరుని, చూసింది మాత్రం నన్ను. నేను తల దించుకున్నాను. ఎనిమిది నెలలు కట్టు కట్టిన చేతులు ఇవే. ఏళ్ల తరబడి శోభి మందు ఇచ్చిన చేతులూ ఇవే. ఇది చాలా అరుదైన జబ్బు, పెద్ద డాక్టర్లే పొరబడతారు అని లక్ష్మీకామేశ్వరిగారు నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు నాకు అంటలేదు. తెలియకపోవడం నా తప్పు కాకపోవచ్చు. తగ్గని రోగాన్ని చూసి కూడా అడగకపోవడం నా తప్పే.

బయటికి వచ్చాక యమున నాతో ఒకటే మాట అంది. "ఇంకెప్పుడూ ఎవలికీ పొడ సూడకుండా ట్యూబు ఇచ్చీకు నర్సమ్మా." నేను సరేనన్నాను.

స్టేషన్లో గిరిబాబు ఫోను మోగింది. అవతల తాతమ్మ. యమున ఫోను లాక్కుంది. "అత్తా, నేను బాగున్నాను. గుంటకీ ఉన్నాది, కానీ బతుకుతాది. ఇంకొక మాట ఇను. శ్రావణిని నవీన్‌కి ఇవ్వను. మనింట్లో మనం సేసుకుంటే ఇదే వస్తాదంట. బైటోలు ఏటన్నా అననీ, పొడ సూపించే ఇస్తాను" అంది. అవతల తాతమ్మ ఏదో అరుస్తూనే ఉంది. గిరిబాబు ఈసారి ఎక్కడికీ పోలేదు. ఫోను తీసుకుని, "అమ్మా, యమున సెప్పిందే నా మాట" అని పెట్టేశాడు.

రైలు మధ్యాహ్నం ఎండలో బయలుదేరింది. శ్రావణి అందరికంటే ముందు పరిగెత్తి కిటికీ పక్క సీటు పట్టుకుంది. కిటికీలోంచి ఎండ ఒడి నిండా పడుతోంది. యమున పిల్లని రెక్క పట్టి ఇవతలికి లాగేసి, తనే కిటికీ పక్కన కూర్చుని ఎండకి అడ్డంగా తిరిగింది. నుదుటి మీద కట్టు తెల్లగా మెరుస్తోంది. పిల్ల కిటికీ కోసం ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమే, బుద్ధి ఉందా? నీకూ ఎండ తగలకూడదని ఇప్పుడే గదా సెప్పినారు" అన్నాను.

"నాకేటి నర్సమ్మా, నాది కోసేసినారు గదా. దానికి పడకుంటే సాలు" అంది, కదలకుండా.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. చెయ్యి పట్టుకుని లేపి, వాళ్లిద్దరినీ ఇవతలికి జరిపి, నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ నా మొహం మీదా చేతుల మీదా పడింది.

శ్రావణి కళ్లు తుడుచుకుని నన్ను చూసింది. "మరి నీకేటీ కాదా, నర్సమ్మా?" అంది.

"నాకేటీ కాదమ్మా" అన్నాను. అందులో నా గొప్పేమీ లేదు. నా ఒళ్లు అలా పుట్టింది, వాళ్ల ఒళ్లు ఇలా పుట్టింది. అంతే తేడా. చీపురుపల్లి వచ్చేదాకా నేను ఆ కిటికీ దగ్గర నుంచి లేవలేదు.